పసిబిడ్డ రాక, పెంపుడు జంతువుల సర్దుబాటు (ఉద్దానం)

ఇంటికి కొత్తగా వచ్చిన పసిబిడ్డకు అక్కడ ముందునుంచీ మసలే కుక్క, పిల్లి అలవాటు పడడాన్ని ఇలా అంటారు. శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి ప్రాంతాల్లోనూ, మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం తీరంలోనూ ఈ సర్దుబాటు తీరు కొంత వేరు. కుక్క చేసే కాపలా, పుట్టింటి పురుడు అందుకు కారణాలు.

ఉద్దానంలో కుక్కను ముద్దుకు పెంచేవాళ్లు తక్కువ. జీడి, కొబ్బరి, పనస తోటల మధ్య ఇళ్లు. పండు వాసనకు ఎలుగుబంట్లు ఊరి అంచుల దాకా వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక రైతు బలయ్యారు. రాత్రి అలికిడైతే ముందు లేచేది అరుగు మీద కుక్కే. కొత్త మనిషిని, కొత్త చప్పుడును అనుమానించడమే దాని పని. ఆ పని బాగా వచ్చిన కుక్కకే పసిబిడ్డ ఏడుపుతో చిక్కెక్కువ. పైగా దాని చెవి మనకంటే పదును: మనిషి చెవికి అందేది 20,000 హెర్ట్జ్‌ల దాకానే. కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లిన కోడలు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక గానీ తిరిగి రాదు. అత్తవారింటి కుక్కకు ఆమె మళ్లీ కనబడేసరికి ఒంటి వాసనే మారిపోయి ఉంటుంది: పాలు, సాంబ్రాణి పొగ, చంకలో మరో ప్రాణి. పుట్టింటి కుక్కది ఇంకో కష్టం. పురిటి గది గడప తొక్కనివ్వరు; అది సబబే. రోజంతా పెరట్లో కట్టేసి, పలకరించడం కూడా మానేయడమే తప్పు. బిడ్డ వాసనకూ ఆ కట్టుకొయ్యకూ కుక్క ముడిపెట్టుకుంటుంది.

బిడ్డను చూసొచ్చే తండ్రి, బిడ్డకు చుట్టిన పాత చీర పేలిక ఒకటి తెచ్చి, కుక్క అన్నం తినే చోట పెడితే సగం పని అయినట్టే. ఇంటికొచ్చిన రోజున బిడ్డను నానమ్మకు అందించి, తల్లి ముందు ఒట్టి చేతులతో కుక్కను పలకరించాలి. తర్వాత ఒకరు గొలుసు పట్టుకుని, నాలుగడుగుల దూరం నుంచి బిడ్డను చూపించాలి. కుక్క బిగుసుకుపోయినా, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా దూరం పెంచాలి. గుర్రుమంటే కొట్టకూడదు, దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది.

పిల్లికి బిడ్డ మీద పగ ఉండదు, వెచ్చదనం మీద ఆశ ఉంటుంది. చీర ఉయ్యాలలో దూరి బిడ్డ పక్కన ముడుచుకుంటుంది కాబట్టి దాన్ని ఉయ్యాల ఉన్న గదిలోకి రానివ్వరు.

కుక్కకు నులిపురుగుల మందు, ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. ప్రపంచ జూనోసిస్ దినమైన జులై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం పూయకూడదు.

అసలు ముప్పు మొదటి రోజున కాదు, బిడ్డ పాకడం మొదలెట్టాక. మార్చి నుంచి మే దాకా పెద్దలు జీడిపిక్కలు ఏరడానికి తోటలకు పోతే, ఇంట్లో ముసలామె, బిడ్డ, కుక్క మిగులుతారు. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లొచ్చేలోపు బిడ్డ నేరుగా కుక్క అన్నం చిప్ప దగ్గరికే పాకుతుంది. అందుకే చిప్పను గడప అవతల పెట్టి, కుక్క తిన్న వెంటనే ఎత్తేస్తారు.