ముఖశస్త్రచికిత్స – బిడ్డల మెల్లకన్ను

మెల్లకన్ను అదృష్టమని మన ఇండ్లలో పెద్దలు చెప్పుకొనుట కలదు. ఆ మాట నమ్మి ఎందరు తల్లిదండ్రులు ఆలస్యము చేసిరో! పుట్టుకతోనే పుర్రె, ముఖపు ఎముకలు సరిగా ఏర్పడని బిడ్డల విషయములో ఆ ఆలస్యము మరింత ప్రమాదకరము గనుక, ఈ చికిత్స చరిత్రను కొద్దిగా మనవి చేయుచున్నాము.

పసిబిడ్డ పుర్రె ఎముకల నడుమ అతుకులు వదులుగా నుండును. అవి గడువుకు ముందే కలిసిపోయినచో కొందరిలో నుదురు, ముఖము ముందుకు ఎదుగక, కంటిగుంటలు లోతు లేనివై, కనుగ్రుడ్లు బయటికి పొడుచుకొని వచ్చును. ఇట్టి జబ్బులను ఫ్రాన్సులో 1906లో అపెర్, 1912లో క్రూజోన్ అను వైద్యులు వర్ణించిరి. క్రూజోన్ వ్రాసినది ఒక తల్లిని, ఆమె కుమారుని గూర్చి. వర్ణించిరే గాని, ఆనాడు చేయగలిగినది స్వల్పము.

ముఖపు ఎముకలను ముందుకు జరిపిన శస్త్రచికిత్సను ఇంగ్లండులో గిలిస్ 1950లో ప్రకటించెను. తరువాత పారిస్ చెంతనున్న సురేన్‌లోని ఫోష్ ఆసుపత్రిలో పాల్ టెస్సియే ఆ పనిని చాలా దూరము తీసికొనిపోయెను. మెదడు శస్త్రవైద్యుడు గియో తోడ్పాటుతో పుర్రె తెరచి, ఎముక కోసి, కంటిగుంటలనే స్థలము మార్చెను. 1967లో రోము నగర మహాసభలో ఆ ఫలితములు చూపినప్పుడు వైద్యలోకము ఆశ్చర్యపడెను.

ముఖము చక్కబడెను. చూపు మాత్రము అనేకులలో వంకరగనే నిలిచెను. ఏల? కంటిని త్రిప్పు కండరములు ఆరు. ఈ బిడ్డలలో కంటిగుంటయే వెలుపలికి తిరిగియుండుటచే ఆ కండరములు లాగు దిక్కు మారును. పైకి చూచినప్పుడు కన్నులు రెండును ఎడముగా పోవును. కొందరిలో ఒకటి రెండు కండరములే లేవని 1980లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. పైగా గుంటలను జరిపిన పిమ్మట మెల్ల తగ్గవచ్చును, పెరగవచ్చును, దిక్కు మార్చుకొననూవచ్చును. అందుచేత ఎముకల పని ముగిసి కుదుటపడిన తరువాతనే కండరములకు శస్త్రచికిత్స చేయుట సాధారణముగా వాడుకయైనది.

ఇది సబబే గాని, కత్తి ఆగవచ్చునంటే చూపు ఆగునని కాదు. మెల్లకంటి బొమ్మను మెదడు త్రోసివేయును. ఏడెనిమిదేండ్లు దాటినచో ఆ చూపును తిరిగి తెచ్చుట కష్టము. కావున కంటి అద్దములు, మంచి కంటికి పట్టీ పసితనముననే ఆరంభింపవలెను. పుర్రెలో ఒత్తిడి పెరిగి కంటి నరము దెబ్బతినుచున్నదేమో యని కంటి వెనుక భాగమును మాటిమాటికి పరీక్షింపవలెను. పట్టీ వేసిన బిడ్డ ఏడ్చి దానిని పీకివేయును. మరల అంటించుట తల్లి పని, ప్రతి దినము, నెలల తరబడి.