పీసీ తెరను కదిలించిన ఆట

వీడియో ఆటలో బొమ్మ పరుగెత్తుతుంటే వెనుక దృశ్యం పక్కకు జరుగుతూ పోవడం మనకు మామూలు విషయం. 1990లో ఐబీఎం పీసీ మీద అది మామూలు విషయం కాదు. నింటెండో సంస్థ 1985లో విడుదల చేసిన 'సూపర్ మారియో బ్రదర్స్' టీవీకి తగిలించే ఆట యంత్రంపై నడిచేది. తెరను జరిపే పనికి ఆ యంత్రంలోనే ప్రత్యేక చిప్ ఉండేది. కమోడోర్ 64 వంటి ఇంటి కంప్యూటర్లలోనూ ఆ సదుపాయం కొంత ఉంది. పీసీ ఆఫీసు పనుల కోసం పుట్టిన యంత్రం. మన దేశపు బడుల కంప్యూటర్ గదుల్లో 1990లలో ఎందరో ఆడుకున్న 'డేంజరస్ డేవ్' గుర్తుందా? మీకు కాకపోతే మీ పెద్దలకు గుర్తుండవచ్చు. అందులో డేవ్ తెర అంచుకు చేరాక దృశ్యం ఒక్కపెట్టున మారేది.

కారణం లెక్కలోనే ఉంది. నాటి ఈజీఏ తెరపై అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, 16 రంగులు. చుక్కకు 4 బిట్ల చొప్పున ఒక్క దృశ్యానికి 32,000 బైట్లు కావాలి. బొమ్మ అడుగు వేసినప్పుడల్లా అంతా తిరగ గీయడం ఆ ప్రాసెసర్ల వల్ల అయ్యే పని కాదు.

అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో, సాఫ్ట్‌డిస్క్ అనే సంస్థలో పనిచేస్తున్న జాన్ కార్మాక్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. ఆటలోని దృశ్యం చిన్న చిన్న చదరపు పలకలతో కూర్చినది. ఆకాశం నిండా ఒకే నీలి పలక. తెర ఒక పలకంత జరిగితే, చాలాచోట్ల పాత పలక స్థానంలోకి అదే రకం పలక వస్తుంది. మరి దాన్ని మళ్లీ గీయడం దేనికి? పలకకు లోపలి చిన్న జరుగుడును ఈజీఏ కార్డుకే అప్పగించి, మారిన పలకలను మాత్రమే గీయించాడు కార్మాక్. యంత్రం వేగం పెరగలేదు, పని తగ్గిందంతే.

1990 సెప్టెంబరులో ఒక రాత్రి కార్మాక్, టామ్ హాల్ కలిసి 'సూపర్ మారియో బ్రదర్స్ 3' మొదటి దశను పీసీపై అచ్చంగా దించారు; మారియో స్థానంలో డేవ్‌ను పెట్టారు. మర్నాడు ఆ డిస్కు చూసిన జాన్ రొమెరో, డేవ్ సృష్టికర్త ఆయనే, దాని విలువ వెంటనే గ్రహించాడు. తరువాత మారియోతోనే నమూనా తయారుచేసి నింటెండోకు పంపారు. తన ఆటలు తన యంత్రాలపైనే ఉండాలన్నది ఆ సంస్థ విధానం, కాబట్టి ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. మారియో బొమ్మ నింటెండోది. తెరను కదిలించే ఉపాయం వీరిది. బొమ్మ వదిలేసి ఉపాయాన్ని దగ్గర పెట్టుకున్నారు. హాల్ కొత్త కథ అల్లాడు: అన్నగారి ఫుట్‌బాల్ హెల్మెట్ పెట్టుకుని అంగారకుడి మీదికి వెళ్లే ఎనిమిదేళ్ల బాలుడు. అదే 'కమాండర్ కీన్'. 1990 డిసెంబరు 14న అపోజీ సంస్థ విడుదల చేసింది. మొదటి భాగం ఉచితం, నచ్చినవారు మిగతా రెండు భాగాలు డబ్బు పంపి తెప్పించుకోవాలి. తొలి చెల్లింపుగా బృందానికి 10,500 డాలర్లు అందాయి.

అయితే ఆట చాలావరకు తయారైంది సాఫ్ట్‌డిస్క్ కంప్యూటర్లపైనే. సెలవు రోజుల్లో వాటిని ఇంటికి తీసుకుపోయి పనిచేశారు. సంగతి తెలిసి యజమాని ఆగ్రహించడంలో అన్యాయం లేదు. చివరకు సాఫ్ట్‌డిస్క్‌కు మరికొన్ని ఆటలు రాసిచ్చే ఒప్పందంతో వివాదం ముగిసింది. 1991 ఫిబ్రవరి 1న వారు ఇడ్ సాఫ్ట్‌వేర్ స్థాపించారు. 1993లో వచ్చిన 'డూమ్' ఆ సంస్థదే. నింటెండో వద్దన్న నమూనా ప్రతి ఒకటి 2021లో న్యూయార్క్ రాష్ట్రం, రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియానికి చేరింది.