గడప దాటని ఆస్తి

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు మేనరికం కుదిరితే ముందుగా చెప్పుకునే లాభం ఒకటుంది: చేలూ చెరువులూ గడప దాటవు. గడప దాటని ఆస్తి ఇంకోటి కూడా ఉందని మాత్రం ఎవరూ అనుకోరు.

కొల్లేటి లంకల్లో, మేనమామనే చేసుకున్న మా దూరపు అత్తయ్యకు నెలలు నిండి పుట్టిన బిడ్డలిద్దరు వరసగా ఎగఊపిరితో పోయారు. చెమ్మగాలి అన్నారు కొందరు. గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకుందన్నారు ఇంకొందరు. తప్పంతా బాలింత నెత్తినే. తండ్రి ఊసే లేదు!

డాక్టర్లకైనా అప్పటికి తెలిసిందెంత? ఊపిరితిత్తుల్లోని గాలిగదులు తడికి అతుక్కుపోకుండా లోపల నురుగులాంటి పూత ఉండాలి. సర్ఫాక్టెంట్ అంటారు. నెలలు నిండని పిల్లల ఆయాసానికి ఆ పూత చాలకపోవడమే కారణమని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ, జెరె మీడ్ తేల్చారు. తెలిసినంతలో మందు రాలేదు. 1963 ఆగస్టులో సాక్షాత్తూ అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఆ జబ్బుతోనే 39 గంటలు బతికి పోయాడు. 1980లో జపాన్ డాక్టరు ఫుజివారా పశువుల ఊపిరితిత్తుల్లోంచి తీసిన పూతతో పసివాళ్లను తేర్చాడు.

మరి నెలలు నిండిన బిడ్డ సంగతి? ఆ మందు వేస్తే కాస్త తేరుకుని మళ్లీ జారిపోయే బిడ్డలున్నారు. 1993లో లారెన్స్ నోగీ బృందం ఆ గుట్టు విప్పింది. పూతకు కావలసిన 'బి' ప్రొటీను అలాంటి బిడ్డ ఒంట్లో తయారే కావడం లేదు. 2004లో ఏబీసీఏ3 అనే ఇంకో జన్యువు బయటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే ఈ జబ్బులు. పెద్దవాళ్లిద్దరూ రాయిలా ఉంటారు. కాన్పు కాన్పుకీ నాలుగింట ఒకవంతు ప్రమాదం. ఒకే రక్తంలో పెళ్లయితే ఆ రెండూ ఒకచోట చేరే అవకాశం మరీ ఎక్కువ.

మేనరికాల లెక్క మనకు కొత్తేం కాదు లెండి. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, హాల్డేన్ దొర శిష్యుడు, 1960 ప్రాంతాల్లోనే ఆంధ్రదేశంలో ఆ లెక్కలు తీశాడు. ఆ దొర 1964లో భువనేశ్వరంలో పోతే దేహం మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే వచ్చింది.

ఒకప్పుడు ఈ జబ్బు తేలాలంటే ఊపిరితిత్తి ముక్క కోసి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు కాస్త రక్తంతో జన్యుపరీక్ష చేస్తున్నారు. చిక్కల్లా, ఫలితం వచ్చేదాకా బిడ్డ ఆగకపోవచ్చు. పోయే బిడ్డకు రక్తం తీయడమేమిటని ఇంట్లోవాళ్లు కసురుకుంటారు. తీయనివ్వండమ్మా! జబ్బు పేరు తెలిస్తే తర్వాతి కాన్పులో మూడో నెలకే కడుపులో బిడ్డకు పరీక్ష చేయొచ్చు. తల్లిదండ్రుల రక్తం కూడా చూస్తారు. ఆ కాగితంలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.