ఆలిచిప్పల సున్నం

మంట దగ్గరికి జరగండి పిలకాయలూ, చెప్తా. మదరాసు పాత మేడల గోడలు అద్దంలా మెరిసినాయంటే దాని వెనకాల మన ప్రళయకావేరి ఉంది. పటాల్లో పులికాట్ అని రాస్తారే, ఆ సరస్సే.

దాని అడుగున బురద కింద ఏనాటివో చచ్చిన ఆలిచిప్పలు దొంతర్లుగా పడుంటాయి. యానాదులు నడుంలోతు నీళ్ళలో దిగి కాలితో తడిమే పసిగట్టేవాళ్ళు. గంపకెత్తి, నీళ్ళలోనే జాడించి, పడవలో పోసేవాళ్ళు. చిప్ప అంచు కోసుకుని అరికాళ్ళ నిండా గాట్లే. వాళ్ళకి దక్కిన కూలి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుద్ది.

పడవలు పోయేది బకింగ్‌హామ్ కాలవ మీద. 1806లో మదరాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడం మొదలైన కాలవ పెదగంజాం దాకా సాగింది. 1878లో దానికి గవర్నరు పేరు పెట్టినారు. గాలుంటే తెరచాప, లేకుంటే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడమే. శ్రీహరికోట సరుగుడు కట్టెలూ ఆ దారినే పోయినాయి.

బట్టీలో ఒక వరస బొగ్గు, ఒక వరస చిప్ప పేర్చి కాల్చాల. కాలిన చిప్ప మీద నీళ్ళు చల్లితే బుస్సుమని పొగలు కక్కి పొడైపోతుంది; అదే సున్నం. ఇసక కలిపి ఎద్దుల గానుగలో తిప్పతా బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవాళ్ళు. పైపూతకి కోడిగుడ్డు తెల్లసొన. తొందరపడిన మేస్త్రీ గోడ నిలవదు.

బతికున్న ఆలిచిప్ప లోపలి మాంసాన్ని మనోళ్ళు పెద్దగా పట్టించుకోలేదు గానీ, జేమ్స్ హార్నెల్ అనే దొర పట్టించుకున్నాడు. ఫ్రాన్సులో ఆర్కషాన్ కాడ పెంకులకి సున్నం పూసి నీళ్ళలో దించుతారు. నీళ్ళలో తేలే ఆలిచిప్ప పిల్ల గట్టి వస్తువు దొరికితేనే అంటుకుంటుంది. పెరిగినాక సున్నంతో సహా ఊడదీస్తే చిప్ప పగలదు. ఆ విద్య మన నీళ్ళకి పనికొస్తుందా అని 1910లో రిపోర్టు రాశాడు.

పాత చిప్పే కొత్త పిల్లకి నేల. అడుగంటా తవ్వితే పిల్ల యాడ నిలబడాల? సిమెంటొచ్చి గానుగలు ఆగినాయి. ఇప్పుడు సరస్సు సముద్రంలో కలిసే మొగలే పూడిపోతున్నాయి. కాళంగి ఏటి నీళ్ళు, సముద్రపు పోటు కలిస్తేనే ఆలిచిప్పకి బతుకు. సూళ్ళూరుపేటలో ఓటడగనొచ్చినోళ్ళని ముందు రాయదొరువు మొగ పూడిక సంగతి అడగండి.