వేడినీటి గుండంలో మందు ఉందా?

బదరీనాథ్ యాత్రకు వెళ్లొచ్చిన మనవాళ్లు తప్తకుండం గురించి తప్పకుండా చెబుతారు. అందులో మునిగితే చర్మవ్యాధులు పోతాయట. ఇన్నాళ్లూ ఆ మహిమ దేవుడి ఖాతాలో ఉండేది. ఈమధ్య కొత్త వాదన వింటున్నాను: "వేడినీటి బాక్టీరియా యాంటీబయాటిక్స్ తయారుచేస్తాయని సైన్సే చెబుతోంది కదా, మన పెద్దలు ఊరికే అన్నారా?" అని. సరే, చరిత్ర చూద్దాం.

1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడిబుగ్గల నుంచి థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ ఒక బాక్టీరియాను వేరుచేశారు. 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే దానికి 1969లో థెర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టారు. వాళ్లు వెతికింది మందు కోసం కాదు, అంత వేడిలో జీవం ఉంటుందా అని. దాని ఎంజైమే తర్వాత పీసీఆర్ పరీక్షకు ఆధారమైంది. కరోనా రోజుల్లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష అదే. అంటే ఆ బుగ్గ మనకిచ్చింది మందు కాదు, రోగాన్ని పట్టే సాధనం.

మరి యాంటీబయాటిక్స్ మాట అబద్ధమా? కాదు. ఉన్న కాస్త తిండి కోసం సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అయితే వాటి శత్రువులు వేరు, మన శత్రువులు వేరు. ఆమ్లపు వేడిబుగ్గల్లో బతికే సల్ఫోలోబస్ (నిజానికి ఇది బాక్టీరియా కాదు, ఆర్కియా) విషప్రోటీన్లు చేస్తుందని 2000లో తేలింది. అవి చంపేది దాని దగ్గరి చుట్టాలనే! వేడిని ఇష్టపడే మరో బాక్టీరియా నుంచి 1964లో థెర్మోరూబిన్ దొరికింది. అది బాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది, ఎలా ఆపుతుందో 2012లో బాగా తెలిసింది. కానీ నీళ్లలో సరిగా కరగదు. ఇన్నేళ్లయినా మందుల షాపుకి రాలేదు.

గాజుపళ్లెంలో క్రిమి చావడానికీ మనిషికి రోగం తగ్గడానికీ మధ్య ఉన్న దూరం ఇదీ. ల్యాబులో పెంచి, వేరుచేసి, చిక్కబరిస్తే గానీ దొరకని పదార్థం పారే నీళ్లలో మునిగితే ఒంటికి పట్టేస్తుందా? కొన్ని బుగ్గల్లో గంధకం ఉంటుంది, గంధకం గజ్జికి పాత మందే, కాదనను. కానీ మోతాదు ఎవరు కొలిచారు?

మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. అందుకే వేడిబుగ్గల్లో వెతకాల్సిందే, ల్యాబు సరంజామాతో. పుండున్న మనిషిని అందులో దించడం మాత్రం వెతకడం కాదు. షుగరుతో కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు నీటి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. ఆ బొబ్బలు చీము పడితే మళ్లీ ఆస్పత్రి యాంటీబయాటిక్సే కావాలి.