ఊరికే రాని ఇండ్లు

మొన్న హాస్టల్లో ఒక జూనియర్, "మన తాండా ఇండ్లన్నీ ఊరికే వచ్చినవే కదా" అన్నాడు. ఆ మాట మాకు తగిలింది. అందుకే రాస్తున్నాం.

మన సుగాలీ తాతలు ఎద్దుల మీద ఉప్పు, గింజలు మోసి బతికినోళ్లు. రైలొచ్చి ఆ పని పోయింది. 1956లో ఆంధ్రలో మనల్ని ఎస్టీ జాబితాలో చేర్చినా చానా తాండాల్లో గుడిసెలే. 1979లో రాష్ట్ర హౌసింగ్ కార్పొరేషన్ పుట్టింది. అంతకు పదేండ్ల ముందే, 1969లో, అనంతపురం వచ్చిన ఫాదర్ ఫెర్రర్ ఆర్డీటీ పని మొదలుపెట్టారు. తర్వాత ఆ సంస్థ కట్టించిన ఇండ్లను ఆడవాళ్ల పేరు మీదే రాయించింది. ఇది చిన్న సంగతి కాదు. తాగొచ్చిన మొగుడు "నా ఇంట్లోంచి పో" అనలేడు.

మా తాండాలో పాత కాలనీ స్లాబులు కారేవి. ఎవరో వచ్చి బాగు చేస్తారని రెండు వానాకాలాలు చూశారు (మన జిల్లాలో వానాకాలం అంటే నాలుగు వానలే అనుకోండి). ఆఖరికి పొదుపు సంఘం అమ్మలే ఇంటికింత అని వేసుకుని సిమెంటు తెచ్చారు. పగుళ్లు చెక్కి పూసింది మనోళ్లే. ముందు ఒంటరి ముసలవ్వల ఇండ్లు, తర్వాతే మిగతావి. ఆ వరస మీద పెద్ద గొడవ కూడా అయింది.

ఇప్పుడు సగం ఇండ్లకు తాళాలు. బెంగళూరు, కేరళ వలస. తాళమేసిన ఇంటి స్లాబు ఎవరూ ఎక్కి చూడరు. ఈ ఎండాకాలం సెలవుల్లో మేం పది మందిమి ఎక్కుతున్నాం. మీ ఇంటి పట్టా అవ్వ పేరున ఉందా, తాత పేరున ఉందా? అడిగి ఇక్కడ రాయండి.