బుల్లెట్ ‘టిక్ టిక్’ చరిత్ర: నేను నోరు మూయించిన ఇంజిన్

ఇవాళ రాజుల చరిత్ర కాదు, ఒక శబ్దం చరిత్ర చెప్తాను. ఇందులో తప్పు చేసింది నేనే, అది కూడా దాచకుండా చెప్తాను.

మా నాన్న దగ్గర 1984 మోడల్ బుల్లెట్ 350 ఉంది. నన్ను స్కూల్లో దింపిన బండి. పోయినేడు దాని ఇంజిన్‌లోంచి ‘టిక్ టిక్’ అని కొత్త శబ్దం మొదలైంది. ఒక మెకానిక్ విని, “క్రాంక్ పోయింది, మొత్తం విప్పాలి” అన్నాడు. ఖర్చు విని నాన్న, “ఇక అమ్మేద్దాంలే” అన్నాడు. ఆయన ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

నేనేం చేశాను? ఫోన్‌లో రెండు వీడియోలు చూసి, టాపెట్లు నేనే టైట్ చేశాను. శబ్దం పోయింది! ఇంట్లో హీరో అయిపోయాను. మర్నాడు పొద్దున కిక్ కొడితే కాలికి ఏమీ తగల్లేదు. కంప్రెషన్ లేదు. బండి స్టార్ట్ కాలేదు.

ఎందుకలా అయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బుల్లెట్ పుట్టింది ఇంగ్లండ్‌లోని రెడిచ్ అనే ఊళ్లో. ఆ పేరుతో మొదటి బండి 1932లో వచ్చింది. మనకు తెలిసిన రూపం మాత్రం 1940ల చివర్లో వచ్చిన డిజైన్. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. మద్రాసు పక్కన తిరువొత్తియూర్‌లో ఫ్యాక్టరీ. మొదట ఇంగ్లండ్ నుంచి వచ్చిన విడిభాగాలు బిగించేవాళ్లు, తర్వాత ఇక్కడే తయారీ. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. 1977లో మన బుల్లెట్లే తిరిగి ఇంగ్లండ్‌కి ఎగుమతి కావడం మొదలైంది. పుట్టింట్లో పొయ్యి ఆరిపోయింది, మెట్టినింట్లో మాత్రం మండుతూనే ఉంది. అంటే 1984లో మా నాన్న కొన్న ఇంజిన్ ముప్పై ఏళ్ల పైబడిన డిజైన్. దాన్ని దాని కాలం లెక్కలోనే వినాలి. నేను అది మర్చిపోయాను.

చివరికి వరంగల్‌లో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి ఆటో ట్రాలీలో తీసుకెళ్లాను. అందరూ ఆయన్ని చాచా అంటారు. నా కథంతా విని, “శబ్దం ఆపినవ్ సరే బిడ్డా, అది ఎందుకొచ్చిందో అడిగినవా?” అన్నాడు.

టాపెట్లు వదులు చేసి, బండి స్టార్ట్ చేసి, పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టర్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీ మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. చాచా చేసింది కూడా అదే వైద్యం.

ఆయన నాకు నేర్పిన లెక్క ఇది. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వ్ ఒక్కసారే తెరుచుకుంటుంది. సైలెన్సర్ ‘డుగ్’ కూడా రెండు చుట్లకి ఒకటే. కాబట్టి ఒక్కో ‘డుగ్’కి ఒక సన్నని ‘టిక్’ వస్తే ముందు వాల్వ్ వైపు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొట్టి, వేడెక్కాక తగ్గితే పిస్టన్ మీద అనుమానం. లోడ్ పడగానే కింది నుంచి బరువుగా ‘ఠక్ ఠక్’మంటే బిగ్ ఎండ్. అప్పుడు బండి వెంటనే ఆపేయాలి. ఎడమ వైపు గరగర వస్తే ప్రైమరీ చెయిన్ చూడాలి.

మాది మొదటి రకం. క్రాంక్‌కి ఏమీ కాలేదు. టాపెట్ కాస్త వదులైంది, అంతే.

మరి నా తప్పేంటి? ఈ బండికి టాపెట్ ఇంజిన్ పూర్తిగా చల్లారాక పెట్టాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇంజిన్ వేడెక్కితే సిలిండర్, హెడ్ సాగుతాయి, కొంచెం సందు పెరుగుతుంది. అందుకే వేడి మీద కాస్త ‘టిక్’మనడం దీని సహజ గుణం. నేను వేడి మీద ఆ సందు మూసేశాను. చల్లారాక పుష్‌రాడ్ వాల్వ్‌ని పూర్తిగా మూసుకోనివ్వలేదు. అలాగే నడిపితే వాల్వ్ కాలిపోయేది. వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటుకి ఆనినప్పుడే వదిలించుకుంటుంది మరి.

2008లో వచ్చిన కొత్త ఇంజిన్లలో హైడ్రాలిక్ టాపెట్లు. అవి సందుని వాటంతట అవే సర్దుకుంటాయి. మన చెవులు వాటికి అలవాటుపడి, పాత బండి మాట్లాడితే చాలు, జబ్బు అనుకుంటున్నాం.

చాచా బండిని రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున పావుగంటలో టాపెట్ సెట్ చేశాడు. నాన్న కిక్ కొట్టాడు. వేడెక్కాక మళ్లీ సన్నగా ‘టిక్ టిక్’. నేను కంగారుగా చూశాను. నాన్న నవ్వి, “ఇది కొన్నప్పటి శబ్దంరా” అన్నాడు.

బండి అమ్మలేదు. మీ ఇంట్లో పాత బండి ఉంటే, స్పానర్ పట్టేముందు దాని శబ్దం ఎలాంటిదో మీ నాన్ననో తాతనో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.